1944 ఫోర్డ్ జీపును సైన్యం నాటి రూపానికి తేవాలంటే: విప్పకముందు చూడాల్సినవి మొదలు పెయింటు, తొలి స్టార్టు దాకా

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఆర్‌.సి.లో 1944 ఫోర్డ్ అని ఉన్న ఫ్లాట్ బానెట్ జీపు తాతగారి కాలం నుంచి మీ ఇంట్లో ఉంది. ఇప్పుడు దాంట్లో మహీంద్రా డీజిల్ ఇంజన్, కుడిచేతి స్టీరింగు, 12 వోల్టుల వైరింగు ఉన్నాయి. బాడీ కింద తుప్పు పట్టింది. దాన్ని యుద్ధకాలంలో ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేయించాలి. ఫిలిప్పీన్స్‌లో తయారయ్యే కొత్త బాడీ తెప్పించి పాతది పారేస్తే పని తేలికవుతుందని మెకానిక్ అంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

బాడీ పారేయకండి. కొత్త బాడీ, కొత్త ఇంజన్, దొరికిన హౌసింగులు (చక్రాల ఇరుసులు, వాటి గేర్లు ఉండే పెట్టెలు) కలిపి బిగిస్తే తయారయ్యేది జీపు ఆకారంలో ఉన్న కొత్త బండి. 1944లో ఫ్యాక్టరీలో వాడిన రేకు, వేసిన స్పాట్ వెల్డింగ్, కొట్టిన నంబరు మీ బండి మీద ఎంత మిగిలితే మీ దగ్గర అంత ఒరిజినల్ ఉన్నట్టు. ఏది ఫ్యాక్టరీదో, ఏది తర్వాత చేర్చిందో ముందు కనిపెట్టాలి. ఫ్యాక్టరీది నిలబెట్టుకోవాలి, పోయిన చోట మాత్రమే ఆ కాలపు భాగం వెతకాలి. కాబట్టి మొదటి నెల స్పానర్ జోలికి పోకండి. టార్చి, సుద్దముక్క, కెమెరా చాలు.

ముందు ఇది యుద్ధకాలం జీపేనా అని తేల్చుకోండి. మన దగ్గర బానెట్ ఎత్తు తక్కువున్న ప్రతి జీపునూ మిలిటరీ జీపనే అంటారు. 1941–45 మధ్య అమెరికన్ సైన్యానికి ఒకే డిజైన్‌ మీద రెండు కంపెనీలు బండ్లు కట్టాయి. విల్లీస్ కట్టింది ఎంబీ, ఫోర్డ్ కట్టింది జీపీడబ్ల్యూ. రెండూ కలిపి ఆరు లక్షలు దాటాయి. యుద్ధం అయ్యాక విల్లీస్ మామూలు జనానికి అమ్మిన సీజే జీపులు, వాటి వరుసలో ఇక్కడ మహీంద్రా బిగించి అమ్మినవి వేరే జాతి. బయటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఆర్‌.సి.ని నమ్మకుండా ఛాసిస్‌ను చూడండి.

రేడియేటర్ కింద మట్టీ గ్రీజూ గీకి ముందు అడ్డపట్టీ చూడండి. అది తలకిందులుగా పెట్టిన "యు" ఆకారపు పట్టీ అయితే ఫోర్డ్. గుండ్రటి పైపు అయితే విల్లీస్ ఎంబీ, లేదా యుద్ధం తర్వాతి సీజే. ఫోర్డ్ ఛాసిస్ నంబరు ఎడమ పట్టీ (ఛాసిస్ పొడవునా ఎడమ పక్క ఉండే ఇనుప దూలం) పైముఖం మీద, ముందు షాక్ అబ్జార్బర్ బ్రాకెట్ దగ్గర నేరుగా ఇనుములోకి కొట్టి ఉంటుంది. జీపీడబ్ల్యూ అనే అక్షరాలు ముందుంటాయి. ఎంబీకి నంబరు చిన్న రేకు మీద కొట్టి, ఎడమ పట్టీ ముందు కొసన లోపలివైపు రివెట్ చేశారు. ఆ రేకు చాలా బండ్లకు ఎప్పుడో పోయింది. నంబరు కనపడకపోతే గ్రైండర్, సుత్తి దగ్గరికి రానివ్వకండి. పెయింట్ రిమూవర్ రాసి మెత్తటి ఇత్తడి బ్రష్‌తో తోమి, టార్చిని పక్కనుంచి వాలుగా పట్టి చూడండి. అక్షరాల అంచులు నీడలో తేలతాయి.

గ్రిల్‌కు తొమ్మిది సందులుంటే యుద్ధకాలానిది, ఏడుంటే సీజేది. కానీ గ్రిల్ బోల్టుల మీద వచ్చే భాగం కాబట్టి ఎవరైనా మార్చి ఉండవచ్చు, దాన్ని ఒక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోవద్దు. వెనక హబ్ ఇంకా గట్టి సాక్ష్యం. చక్రం మధ్యలో ఆరు బోల్టులతో బిగించిన ఫ్లాంజి ఉంటే యుద్ధకాలపు ఫుల్ ఫ్లోటింగ్ హౌసింగ్. మధ్యలో పెద్ద నట్టు ఒక్కటే ఉంటే తర్వాతి కాలపు సీజే హౌసింగ్ ఎవరో పెట్టారు.

క్రౌన్ పినియన్ నిష్పత్తి (రెండు చక్రాలూ కలిసి ఒక చుట్టు తిరిగితే షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరుగుతుందో ఆ లెక్క) హౌసింగ్ విప్పకుండానే తెలుసుకోవచ్చు. నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా అడ్డం పెట్టి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేక్ వదలండి. ఈ జీపుల్లో హ్యాండ్ బ్రేక్ ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె) వెనక షాఫ్ట్‌నే పట్టుకుంటుంది, వదలకపోతే ఏదీ తిరగదు. ఒక వెనక చక్రాన్ని మాత్రమే జాకీతో లేపి సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ మీద సుద్దతో గీసిన గీత ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టండి. ఐదుకు కాస్త లోపు అయితే 4.88, అంటే యుద్ధకాలపుది. ఐదుంబావు దాటితే 5.38, సీజేది. ముందు హౌసింగ్‌కూ ఇలాగే చూడండి. ముందు 4.88, వెనక 5.38 ఉన్న బండ్లు తగులుతూనే ఉంటాయి. అలాంటి దాంట్లో ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద నడిపితే ముందు వెనక చక్రాలు ఒకదాన్నొకటి లాక్కుని ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు రాలతాయి.

ఫోర్డ్ తన భాగాల మీద వాలు రాతలో "ఎఫ్" అక్షరం వేసేది. బ్రాకెట్లు, టూల్ డబ్బా మూతలు, ఆఖరికి బోల్టు తలల మీదా ఉంటుంది. ఆ గుర్తున్న ప్రతి బోల్టునూ కవర్లో వేసి, ఏ చోటిదో చీటీ రాసి దాచండి. ఒక్క మాట: యుద్ధంలో సైనిక వర్క్‌షాపులు రిపేరుకొచ్చిన జీపుల్లో ఫోర్డ్, విల్లీస్ భాగాలు కలిపే వాడాయి. ఫోర్డ్ ఛాసిస్‌లో ఎంబీ నంబరున్న ఇంజన్ దొరికితే అది మోసం కాదు, దాని సర్వీసు చరిత్రలో భాగం. అలాంటి ఇంజన్ ఉంటే నేనైతే మార్చను.

ఇక చట్టం. దీన్ని ఆఖరుకు వాయిదా వేస్తే పెయింటు డబ్బులు రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ వాహనాలు తప్ప మరే వాహనానికీ ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. మీరు తేవాలనుకుంటున్న రంగు ఆ కుటుంబానిదే. 2021 జులైలో వచ్చిన వింటేజ్ నియమాలు 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, పెద్ద మార్పులు జరగని వాహనాలకు వి.ఏ. అక్షరాలతో వేరే నంబరు ఇస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. గడువు పదేళ్లు. ఆ బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కోసం, రిపేరు కోసం మాత్రం తియ్యొచ్చు. కొత్త బాడీ వేస్తే ఆ అసలు రూపం షరతు దెబ్బతింటుంది, అది వద్దని చెప్పడానికి ఇది రెండో కారణం. రంగు సంగతి పెయింటు కొనకముందే ఆర్‌టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా అడగండి. "అందరూ వేస్తున్నారుగా" అనే మాట చెక్‌పోస్టు దగ్గర పనికిరాదు. డీజిల్ నుంచి పెట్రోలుకు మారడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వచ్చే మార్పు, ఆర్‌.సి.లో ఎక్కించుకోవాలి. ఎడమచేతి స్టీరింగుకు 120వ సెక్షన్ ప్రకారం పనిచేసే సిగ్నల్ పరికరం ఉండాలి. జీపుకు ఫ్యాక్టరీ ఇండికేటర్లు లేవు. రేకుకు కొత్త రంధ్రం పెట్టకుండా, ఉన్న బోల్టుల కిందే క్లిప్పులతో నిలిచేలా చిన్నవి పెట్టించండి. ఛాసిస్ నంబరు అరిగిపోయిందని ఎవరైనా మళ్లీ కొడతామంటే ఒప్పుకోకండి. అనుమతి లేకుండా అలా కొట్టడం నేరం, బండి విలువనూ పాడుచేస్తుంది.

ఇప్పుడు పెయింటు పొరలు. ఇది అందరూ వదిలేసే పని, నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైంది. ఫ్యాక్టరీ రంగు ఎండా వానా తగలని చోట్ల మిగిలి ఉంటుంది: గ్లోవ్ బాక్స్ మూత మీది డేటా ప్లేట్ల వెనక, వెనక మూలల్లోని టూల్ డబ్బాల మూతల లోపల, పెట్రోల్ ట్యాంక్ కూర్చునే గుంత అంచుల్లో, బానెట్ అడుగున. డేటా ప్లేట్ మీద డెలివరీ తేదీ కూడా ఉంటుంది, ప్లేట్ మిగిలుంటే అదృష్టమే. బానెట్ పక్క భాగాల మీద సైన్యం నంబరు ఉండేది. దాన్ని బయటికి తీయడానికి 600 నంబరు వాటర్ పేపర్ చిన్న ముక్కను రబ్బరు ముక్కకు చుట్టి, సబ్బు నీళ్లలో ముంచి, రూపాయి బిళ్లంత చోట గుండ్రంగా, బరువు వేయకుండా రుద్దండి. పొరలు ఒక్కొక్కటి చెట్టు మాను వలయాల్లా బయటపడతాయి. పైన సిల్వరో నీలమో, దాని కింద ఎవరో వేసిన పచ్చ, ఇంకా కింద వెలసిన ఆలివ్, అన్నిటికన్నా కింద ప్రైమర్. ఆలివ్ తగలగానే ఆగి, ఆ లోతులోనే పక్కలకు జరగండి. నంబరు అక్షరాలు స్టెన్సిల్‌తో వేసినవి కాబట్టి వాటి అంచు వెంట్రుకవాసి ఎత్తుగా ఉంటుంది, చీకట్లో టార్చి వాలుగా వేస్తే కనిపిస్తుంది. ముందు కాలపు అమెరికన్ నంబర్లు తెల్లగా ఉండవు, మందమైన నీలి ఛాయలో ఆలివ్‌లో కలిసిపోయినట్టుంటాయి. తెలుపు కోసం వెతుకుతూ వాటిని రుద్ది చెరిపేసేవాళ్లు చాలామంది. 20తో మొదలయ్యే పొడవాటి అంకె అయితే అమెరికన్ సైన్యపు బండి. ఎం అక్షరంతో మొదలైతే లెండ్ లీజ్ (అమెరికా మిత్రదేశాలకు యుద్ధ సామగ్రి ఇచ్చిన పథకం) కింద బ్రిటిష్ వాళ్లకు వెళ్లింది, మన దేశంలో దొరికే జీపుల్లో ఇదీ సహజమే. దొరికిన అక్షరాలను బటర్ పేపర్ మీద ట్రేస్ చేసి, కొలతలు రాసి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీసుకోండి. రేపు కొత్త పెయింటు మీద అదే చోట, అదే కొలతల్లో మీ బండి సొంత నంబరు వేయించవచ్చు. పుస్తకంలో చూసి వేసే నక్షత్రం కన్నా ఈ నంబరు వెయ్యి రెట్లు నయం.

1944 బండి అన్నారు కాబట్టి దానికి తగ్గవి ఇవి: 1944 మొదట్నుంచీ రెండు కంపెనీలూ వాడిన ఉమ్మడి బాడీ, రెండు ముక్కల కాంబాట్ రిమ్ములు, ఎడమ మడ్‌గార్డు మీద బ్లాక్ అవుట్ డ్రైవింగ్ లైటు (శత్రువు కంట పడకుండా వాడే మసక లైటు), వెనక ఎడమవైపు జెర్రీకేన్ బ్రాకెట్, కుడివైపు స్టెప్నీ, ట్రైలర్ సాకెట్, డ్రైవర్ వైపు గొడ్డలి, పార పెట్టే క్లిప్పులు. ముందు తరం బండ్లకు వెనక రేకు మీద ఫోర్డ్ పేరు అచ్చయి ఉండేది. 1942 మధ్యలోనే అది ఆగిపోయింది కాబట్టి అలాంటి ప్యానెల్ అందంగా ఉందని కొనకండి.

ఛాసిస్ సంగతికి వస్తే, బాడీ దించాక నాలుగు స్టాండ్ల మీద సమతలంగా పెట్టి, కమాన్ బ్రాకెట్ల మధ్య రెండు వికర్ణాలు కొలవండి. తేడా మూడు నాలుగు మిల్లీమీటర్లు మించితే ఛాసిస్ మెలిక పడినట్టు. చక్రాల మధ్య దూరం 80 అంగుళాలు. రెండు పక్కలా అంతే ఉండాలి. పగుళ్లు ముందు కమాన్ బ్రాకెట్ల దగ్గర, షాక్ అబ్జార్బర్ బ్రాకెట్ల మూలల్లో, వెనక అడ్డపట్టీ దగ్గర వస్తాయి. పగులు కొసన 3 మి.మీ. రంధ్రం వేసి, వి ఆకారంలో గ్రైండ్ చేసి, వెల్డ్ చేసి సమం చేయించండి. పైన ప్లేటు అతికించడం మన దగ్గర అలవాటు. ఆ ప్లేటు అంచునే మళ్లీ కొత్త పగులు మొదలవుతుంది. ఆ ప్లేటు లోపల తుప్పు పడుతూ ఉంటుంది, కంటికి కనపడదు. కుడి స్టీరింగు కోసం కుడి పట్టీకి వెల్డ్ చేసిన బ్రాకెట్లను గ్యాస్ కట్టర్‌తో కోయించకండి. కటింగ్ డిస్కుతో వెల్డ్ వరకే కోసి, మిగతాది ఫ్లాప్ డిస్కుతో తీయించండి. ఎడమ పట్టీ మీద పాత రంధ్రాలు లప్పం కింద ఉంటాయి, వాటినే వాడాలి.

స్టీరింగు ఎడమకు మార్చడం అంటే బాక్సు ఒక్కటే మార్చడం కాదు. మాస్టర్ సిలిండర్, పెడల్ షాఫ్ట్, మధ్య అడ్డపట్టీ మీది బెల్‌క్రాంక్ (స్టీరింగు కదలికను చక్రాల వైపు మళ్లించే లివరు), దానికి వచ్చే డ్రాగ్ లింకు (స్టీరింగు బాక్సు నుంచి వచ్చే కడ్డీ), అన్నీ తిరిగి తమ చోటికి రావాలి. రాస్ కంపెనీ స్టీరింగు బాక్సు టైట్ చేసేటప్పుడు చక్రాలు నేరుగా ఉండాలి. లోపలి క్యామ్ మధ్యలోనే బిగువుగా ఉండేలా కోశారు. చక్రాలు పూర్తిగా తిప్పి అక్కడ ప్లే తీసేస్తే మధ్యలోకి వచ్చేసరికి పట్టేసి లోపలి పిన్నులు విరుగుతాయి. స్టీరింగు వణికితే ముందు బాక్సును తిట్టకుండా బెల్‌క్రాంక్ పిన్ను, కింగ్‌పిన్ బేరింగులు చూడండి, ఎక్కువసార్లు దోషం అక్కడే. ముందు చక్రాల టో ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి వాలే కొలత) 3/64 నుంచి 3/32 అంగుళం.

ఎడమ మరలు (మామూలుకు ఎదురు దిక్కున తిప్పితే బిగుసుకునేవి) గురించి మెకానిక్‌కు ముందే చెప్పండి. ఎడమవైపు చక్రాల స్టడ్లు, నట్లు ఎడమ మరవి. కమాన్ షేకిళ్లలో (కమాన్ కొసను ఛాసిస్‌కు కలిపే కొక్కేలు) ముందు ఎడమ, వెనక కుడి షేకిళ్లకు ఒక కొసన ఎడమ మర ఉంటుంది. తెలియక పైపు పెట్టి బలంగా తిప్పితే షేకిల్ తెగుతుంది. కాంబాట్ రిమ్ము అయితే ఇంకో జాగ్రత్త ప్రాణాలకు సంబంధించింది. రిమ్ము చుట్టూ ఉన్న నట్లు రెండు ముక్కలనూ కలిపి పట్టుకునేవి. టైరులో గాలి ఉండగా అవి విప్పితే రిమ్ము పేలినట్టు విడిపోతుంది. ముందు వాల్వ్ పిన్ను బయటికి తీసి గాలి మొత్తం పోయిందని చూసుకోవాలి, ఆ తర్వాతే స్పానర్. టైరు 6.00–16, గాలి 35 పౌండ్లు.

బాడీ తుప్పు పైన కనపడేది, లోపల కనపడనిది రెండు రకాలు. ఫ్లోర్ కింద టోపీ ఆకారపు బలపు పట్టీలు ఉంటాయి. ఫ్యాక్టరీలో వాటి లోపల చెక్క దిమ్మలు పెట్టారు. ఎనభై ఏళ్లుగా ఆ చెక్క నీళ్లు పీల్చి దాచుకుంటుంది కాబట్టి ఫ్లోర్ ఎప్పుడూ కింది నుంచి మొదలై పైకి తింటుంది. పట్టీ స్పాట్ వెల్డులు 8 మి.మీ. స్పాట్ కట్టర్‌తో పైపొర వరకే తీసి, పట్టీ విప్పి, చెక్క మార్చాలి. కొత్త చెక్క టేకు అయినా నూనె పట్టించి, రంగు వేసి పెట్టండి. తిరిగి అతికేటప్పుడు అదే పాత స్పాట్ల చోటే 6 మి.మీ. రంధ్రాల్లో మిగ్ వెల్డింగ్‌తో నింపించి సమం చేయించండి. వరస వెల్డింగ్ లాగిస్తే రేకు వేడికి ఉబ్బి తబలా మోత మోగుతుంది. పోయిన ముక్క కోసే ముందు చుట్టూ మంచి రేకు మందం మైక్రోమీటర్‌తో కొలిచి అదే గేజి వాడండి. మందం రేకు బలమని టింకర్ చెబుతారు, కానీ సన్న రేకు పక్కన మందం రేకు వెల్డ్ చేస్తే సన్న రేకే కాలి చిల్లు పడుతుంది.

తుప్పు తీయడానికి ఇసుక బ్లాస్టింగ్ బాడీ రేకు మీద వద్దు. వెడల్పాటి ప్యానెళ్లు వేడికీ దెబ్బకీ వంగిపోయి ఇక నిలవవు. ఆ ఇసుక దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తులకూ హాని. చిన్న భాగాలకు మొలాసిస్ బాగా పనిచేస్తుంది. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది పది వంతుల నీళ్లు, ప్లాస్టిక్ డ్రమ్ములో రెండు మూడు వారాలు. మంచి ఇనుమును పెద్దగా తినదు. అల్యూమినియం, జింక్ భాగాలను దాంట్లో వేయకండి, కరిగిపోతాయి. ఎలక్ట్రోలిసిస్ చేస్తే వాషింగ్ సోడా నీళ్లలో భాగాన్ని నెగటివ్‌కు, మామూలు ఇనుప ప్లేటును పాజిటివ్‌కు కలపాలి. స్టెయిన్‌లెస్ ప్లేటు వాడితే నీళ్లలోకి విషపూరిత క్రోమియం వస్తుంది. కమాన్ కట్టలు, గట్టి బోల్టులు ఇందులో వేయవద్దు, హైడ్రోజన్ చేరి పెళుసవుతాయి.

బోల్టుల్లో పెద్ద నష్టం జరుగుతుంది. జీపులో ఉన్నవి అంగుళాల కొలతలు, ఎక్కువగా సన్న మర. 5/16 అంగుళం అంటే 7.94 మి.మీ. కాబట్టి 8 మి.మీ. మెట్రిక్ బోల్టు మొదటి రెండు చుట్లు పడుతుంది. తర్వాత స్పానర్ బలంతో ఎక్కించేస్తారు, మర చితికిపోతుంది. ఎన్‌ఎఫ్ (అంగుళాల సన్న మర) 5/16, 3/8 ట్యాపులు, డైలు మీరే కొని ఇవ్వండి. అన్ని రంధ్రాలూ ముందే శుభ్రం చేయించండి. దొరకని బోల్టులు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ మీద చేయించవచ్చు, తల మీద కొత్త గుర్తులు మాత్రం కొట్టించవద్దు.

ఇంజన్. మీకు కావలసింది గో డెవిల్ అని పేరున్న ఎల్–134. నాలుగు సిలిండర్లు, 134.2 ఘనపు అంగుళాలు, 4000 ఆర్‌పీఎం దగ్గర 60 గుర్రాల శక్తి, బోరు 3 1/8 అంగుళాలు, స్ట్రోకు 4 3/8. మన దగ్గర ఎక్కువగా దొరికేవి సీజే–3బీ రకం జీపుల్లో వచ్చిన హరికేన్ ఇంజన్లు. వాటి ఎత్తు ఎక్కువ, ఫ్లాట్ బానెట్ కింద పట్టవు. పట్టించడానికి బానెట్ కోస్తారు. యుద్ధకాలపు ఎల్–134కు టైమింగ్ చైను, తర్వాత సీజేల్లో గేర్లు వచ్చాయి. చైను ఉన్నప్పుడు క్యామ్ షాఫ్ట్ క్రాంక్ తిరిగే వైపే తిరుగుతుంది, గేర్లు ఉన్నప్పుడు ఎదురు దిక్కున. అందుకే క్యామ్ షాఫ్ట్, ఆయిల్ పంపు ఒకదానివి ఇంకోదానికి పనికిరావు. కొనే ముందు ముందుకవరు తీసి చూడండి. ఆయిల్ పంపు అచ్చం అలాగే ఉందని పెట్టేస్తే స్టార్ట్ అయిన నిమిషంలో బేరింగులు పోతాయి.

ఈ ఇంజన్‌లో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి కాబట్టి హెడ్ కన్నా బ్లాకే ముఖ్యం. కొనకముందు డై పెనెట్రెంట్ (పగుళ్లలోకి ఇంకి వాటిని చూపించే రంగు ద్రవం) వేయించి వాల్వు సీటుకూ బోరుకూ మధ్య సన్న పగుళ్లు వెతకండి. బోరింగ్ చేశాక పిస్టన్ సందు 3 థౌ (ఒక థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దగ్గర ఉండాలి. క్రాంక్ 10, 20, 30 థౌ అండర్ సైజుల్లో రుబ్బించవచ్చు. హెడ్ 60–70 ఫుట్ పౌండ్లు మధ్య నుంచి బయటికి, మెయిన్ బేరింగ్ క్యాపులు 65–75. టాపెట్లు చల్లగా ఉన్నప్పుడు 14 థౌ, ప్లగ్గులు 30 థౌ, పాయింట్లు 20 థౌ. ఫైరింగ్ వరస 1–3–4–2. కంప్రెషన్ 110 పౌండ్ల దగ్గర ఉండాలి, సిలిండర్ల మధ్య తేడా పది మించకూడదు. వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఐడిల్‌లో కనీసం 10, దారిలో 35. కార్బురేటర్ కార్టర్ డబ్ల్యూఓ. దాని బదులు మన దగ్గర ఎక్కువగా సోలెక్స్ కంపెనీ కార్బురేటర్ పెడతారు. సోలెక్స్‌తో బండి బాగానే నడుస్తుంది కానీ కార్టర్ దొరికేదాకా దాన్ని తాత్కాలికమనే అనుకోండి. ఫోర్డ్ ఇంజన్లు బూడిద రంగులో వచ్చేవి, విల్లీస్‌వి ఆలివ్‌లో. బ్లాకు మీద మూలల్లో మిగిలిన రంగు చూసుకుని వేయండి.

గేర్ బాక్సు టీ–84. రెండో గేరు జారడం దీని పాత జబ్బు. సింక్రో రింగులు, షాఫ్ట్ ఎండ్ ప్లే చూడాలి. ఇత్తడి రింగులున్న బాక్సులో జీఎల్–5 ఆయిల్ పోయకండి, అందులోని రసాయనం ఇత్తడిని తింటుంది. జీఎల్–4, 90 గ్రేడ్ చాలు. గేర్ బాక్సుకు సుమారు 700 మి.లీ., ట్రాన్స్‌ఫర్ కేసుకు 1.4 లీటర్లు, ఒక్కో హౌసింగ్‌కు 1.2 లీటర్లు. ట్రాన్స్‌ఫర్ కేసులో మధ్య గేరు షాఫ్ట్ 3/4 అంగుళమే. అది అరిగితే ఆయిల్ కారుతుంది, బండి ఊళ పెడుతుంది. గేర్లు బాగున్నా ఆ షాఫ్ట్ మాత్రం తప్పకుండా కొత్తది వేయండి.

బ్రేకులు తొమ్మిది అంగుళాల డ్రమ్ములు, ఒకే లైను. ముందు వీల్ సిలిండర్లు 1 అంగుళం, వెనకవి 3/4 అంగుళం. నాలుగూ ఒకే సైజు పెడితే వెనక చక్రాలు ముందే పట్టేసి తడి రోడ్డు మీద బండి తిరిగిపోతుంది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, గాలి కొట్టి దుమ్ము లేపకుండా తడిగుడ్డతో తుడవండి. పైపులు మొత్తం కొత్తవి. బ్రేక్ ఆయిల్ డాట్–4 పోస్తే అదే, సిలికాన్ డాట్–5 పోస్తే అదే, రెండూ ఎప్పుడూ కలపవద్దు.

కరెంటు 6 వోల్టులు, నెగటివ్ ఎర్త్. ఆరు వోల్టుల మీద సెల్ఫ్ సరిగా తిరగదని చెప్పేవాళ్లు సాధారణంగా 12 వోల్టుల సన్న కేబుల్ వాడినవాళ్లు. అదే పనికి ఆరు వోల్టుల్లో రెట్టింపు కరెంటు పారాలి. బ్యాటరీ నుంచి సెల్ఫ్ దాకా 50 చదరపు మి.మీ. కేబుల్ వేయండి. ఎర్త్ కలిసే చోట పెయింటు గీకి మెరిసే ఇనుము మీద బిగించండి. ఇంజన్‌కూ ఛాసిస్‌కూ మధ్య అల్లిన పట్టీ వేయండి. వైర్లు నూలు అల్లికతో కొత్తగా చేసినవి దొరుకుతాయి. డైనమో విప్పి కట్టాక రెగ్యులేటర్ దగ్గర బ్యాటరీ, జనరేటర్ టెర్మినళ్లను ఒక్క క్షణం వైరుతో తాకించి దిశ సరిచేయాలి. మరిచిపోతే ఎదురు ఛార్జి అయి రెగ్యులేటర్ పాయింట్లు కాలిపోతాయి.

పెయింటు దగ్గర తొందర వద్దు. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ తేమ పీల్చుతుంది. కోస్తాలో వర్షాకాలంలో దాన్ని అలాగే వదిలేస్తే కింద తుప్పు మళ్లీ మొదలవుతుంది. శుభ్రం చేసిన రోజే ఎపాక్సీ ప్రైమర్ కొట్టించండి. రంగుకు ఎక్కువమంది రిస్టోరర్లు వాడేది అమెరికన్ 33070 షేడ్. కానీ మీ డేటా ప్లేట్ వెనక దొరికిన ముక్కను తడిపి చూసి దానికే కలిపించండి. పొడిగా వెలసిన రంగు అసలు కన్నా తేలిగ్గా కనిపిస్తుంది. యుద్ధకాలపు రంగుకు మెరుపు ఉండదు. మ్యాట్ పెయింటులో మచ్చ పడితే పాలిష్‌తో పోదు, ప్యానెల్ మొత్తం మళ్లీ కొట్టాలి. కాబట్టి బానెట్ ఒక్కసారిలో, ఒకే దిశలో. గుడారం గుడ్డ లేత ఖాకీ ఛాయ నంబర్ 3గానీ, ముదురు పచ్చ నంబర్ 7గానీ 1944కు సరిపోతాయి.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటుంది. పాత పంపు డయాఫ్రమ్, గొట్టాలు దానికి ఉబ్బి చిరుగుతాయి. ఇథనాల్ తట్టుకునే రబ్బరు కిట్టు వేయండి. పెట్రోల్ ట్యాంక్ డ్రైవర్ సీటు కిందే ఉంది కాబట్టి ఇక్కడ లీకు అంటే ప్రమాదమే. తుప్పు పట్టిన ట్యాంకును లోపల సీలర్ పోసి నెట్టుకురాకుండా, ఉతికి, ప్రెషర్ టెస్టు చేయించి, కాకపోతే కొత్త ట్యాంకు వేయండి.

మొదటి స్టార్టుకు ముందు ఆయిల్ పంపులో వాజలీన్ నింపి, ప్లగ్గులు తీసేసి, హ్యాండిల్‌తో ఆయిల్ ప్రెషర్ ముల్లు కదిలేదాకా తిప్పండి. అప్పుడే ప్లగ్గులు బిగించండి. అరగంట నడిచి పూర్తిగా చల్లారాక హెడ్ మళ్లీ టార్క్ చేసి, టాపెట్లు మళ్లీ చూడండి. హెడ్ బిగిస్తే సందు మారుతుంది కాబట్టి వరస ఇదే. 500 కిలోమీటర్ల దగ్గర ఇంజన్ ఆయిల్ మార్చి, చక్రాల నట్లు, షేకిళ్లు ఇంకోసారి చూసుకోండి. నెల దాటి నిలపాల్సి వస్తే పెట్రోల్ కాక్ మూసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఇంజన్ నడిపి ఆపండి.